మిషను స్టాండు మీద స్టీరింగు

నాకు కోపం ఎక్కువ. పెళ్ళికి ముందే మా అమ్మ ఈ సంగతి మా అత్తయ్య చెవిన వేసేసింది, రేపు వచ్చి తనను నిలదీయకూడదని. అత్తయ్య నవ్వి, "మా ఇంట్లో అందరం మెత్తనివాళ్ళమే, ఒక్కరైనా గట్టిగా మాట్లాడేవాళ్ళు ఉండొద్దూ" అందట. పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఆవిడ ఇంకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ ఆదివారం పొద్దున నా కోపమంతా ఒక మడత స్టాండు మీద ఉంది. రోజుకు ఎనిమిది గంటలు ఫోనులో ఎవరెవరి ఫిర్యాదులో వింటూ, "అర్థమైందండీ, క్షమించండి" అనడం నా ఉద్యోగం. ఇంటికొచ్చాక ఓ గంట టీవీ ముందు కార్ల పందెం గేము ఆడితే తప్ప నేను మనుషుల్లో పడను. అందుకే ఒక స్టీరింగు, దానికి రెండు పెడళ్ళు కొనుక్కున్నాను. మొదట స్టీరింగును భోజనాల బల్ల అంచుకు బిగించాను. బల్ల మీద గీత పడింది. అది మా మామయ్య తన చేతులతో చేసిన బల్ల. ఆయన ముప్పై ఏళ్ళు వడ్రంగం చేశారు. నన్ను ఏమీ అనలేదు గానీ, ఆ గీతను వేలితో రెండుసార్లు తడిమి చూశారు. నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే ఈ మడత స్టాండు తెప్పించాను.

అది స్టాండు కాదు, నా ఖర్మ. స్టీరింగు ఎడమకు తిప్పితే అదీ ఎడమకు వంగుతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే పెడళ్ళు నున్నటి గచ్చు మీద ముందుకు జారిపోతాయి. వాటిని అందుకోవడానికి నేనూ కుర్చీలో జారుతూ, మూడో చుట్టుకు వచ్చేసరికి దాదాపు వెల్లకిలా పడుకుని ఉంటాను. "దిండు తెచ్చివ్వనా?" అన్నాడు మా ఆయన సోఫాలోంచి. నేను చూసిన చూపుకు లేచి స్నానానికి వెళ్ళిపోయాడు.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది.

"అమ్మాయ్, అంత ఊగేదాని మీద నీ చెయ్యేం నిలుస్తుంది? బాల్కనీలో నా మిషను స్టాండు ఉందిగా. తీసుకో" అంది.

నేను ఆవిడ మొహంలోకి చూశాను, వేళాకోళమేమోనని. ఆ పాత కుట్టు మిషను ఇనుప స్టాండు మీద ఆవిడ ఇరవై ఆరేళ్ళు కుట్టింది. సగం పేటలోని బడిపిల్లల యూనిఫారాలు దాని మీద నుంచే వెళ్ళాయి. మిషను పాడైతే కరెంటుది కొన్నారు. కానీ కింద ఉండే ఇనుప కాళ్ళను, తొక్కుడు పలకను పాత సామానులకు వేయనివ్వలేదు. వాటి మీద పూలకుండీలు పెట్టుకుంది. ఆ కుండీలను కూడా ఎవరూ జరపడానికి లేదు.

"మీ స్టాండా? నా ఆటకా?"

"ఆటైతే ఏం? ఊగకుండా ఉండాలి కదా ఏదైనా" అని కుండీలు దించడానికి వెళ్ళిపోయింది.

ఆవిడ అలా తేలిగ్గా ఏదో ఒకటి ఇచ్చేస్తూ ఉండటం ఆ మధ్య మొదలైంది. నాకు అది నచ్చడం లేదు. కారణం చెప్పాలంటే ఎనిమిది నెలలు వెనక్కి వెళ్ళాలి.

ఆ రోజు మధ్యాహ్నం మామయ్య భోజనం చేస్తూ చేస్తూ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయారు. మూతి వంకర పోయింది. నేనూ మా ఆయనా ఆఫీసుల్లో ఉన్నాం. కారు గుమ్మం ముందే ఉంది, తాళం మేకుకు వేలాడుతోంది. కానీ మామయ్య తప్ప అప్పుడు ఇంట్లో నడిపేవాళ్ళు లేరు. ఆయనేమో నేల మీద ఉన్నారు. అత్తయ్య అంబులెన్సుకు ఫోను చేసి, రోడ్డు మీదకు పరుగెత్తి, వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తింది. ఒక్కరూ ఆపలేదు. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. మామయ్య బతికారు, మాటా వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. ఆస్పత్రిలో డాక్టరు ఏదో రాసుకుంటూ, "ఇంకో అరగంట ముందు తెచ్చుంటే చెయ్యి కూడా దక్కేదమ్మా" అన్నాడు. అలవాటుగా అన్న మాట. ఆవిడ గుండెలో మేకులా దిగిపోయింది.

మూడు నెలలు తిరక్కుండానే యాభై ఎనిమిదేళ్ళ మా అత్తయ్య డ్రైవింగు నేర్చుకోవడానికి చేరింది. మా బండికి గేర్లు మార్చే పని లేదు. తొక్కేది, ఆపేది, రెండే పెడళ్ళు. రోడ్డు మీద చక్కగానే నడిపేది. కానీ పరీక్షలో పక్కన కూర్చున్న అధికారి హఠాత్తుగా ముందున్న డాష్‌బోర్డు మీద చేత్తో కొడతాడు. కొట్టగానే ఆపాలి. రెండుసార్లూ ఆవిడ అక్కడే తప్పింది. బండి ఆగకుండా వెళ్ళి మైదానంలో అడ్డంగా పేర్చిన టైర్ల వరసకు తగిలింది. "భయపడుతున్నారండీ, ఈ వయసులో భయం పోదు" అని నేర్పినాయన తేల్చేశాడు. మూడో పరీక్షే ఆఖరు, ఆపైన నేర్చుకునే అనుమతి గడువు తీరిపోతుంది. అత్తయ్య ఆ కాగితాన్ని బీరువాలో బట్టల అడుగున పెట్టేసి, "నాకు రాదులే. నేను పిరికిదాన్ని" అంది. ఏడవలేదు. ఇల్లు ఊడవడానికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచే ఒక్కొక్కటీ ఇచ్చేయడం మొదలైంది.

ఆ ఆదివారం స్టాండు బిగించే పనికి మామయ్య మేస్త్రీ, నేను కూలీ. ఆయన కుడి చేత్తో పెన్సిలు చెవి మీద పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ప్లైవుడ్ ముక్క మీద ఎక్కడ చిల్లు పెట్టాలో గుర్తులు గీశారు. డ్రిల్లు నా చేతికిచ్చారు. పలక కదులుతుంటే, కుడి చేత్తో తన ఎడమ చేతిని ఎత్తి దాని మీద పెట్టుకున్నారు.

"బరువుకైనా పనికొస్తుందిలే ఇది. కానీ తల్లీ, నా చేతికి కూడా చిల్లు పెట్టేవు" అన్నారు.

అత్తయ్య గబుక్కున వంటింట్లోకి వెళ్ళింది. ఆ చెయ్యి మీద ఏ వేళాకోళమూ ఆవిడకు నవ్వు తెప్పించదు.

మిషను ఉండే చోట ప్లైవుడ్ పలక, దాని మీద స్టీరింగు, నాలుగు బోల్టులు. కింద తొక్కుడు పలకను కదలకుండా ఇనుప తీగతో కట్టి, దాని మీద నా పెడళ్ళు. మొత్తం మూడు గంటల పని. అయ్యాక స్టీరింగును రెండు చేతులా పట్టుకుని నా బలమంతా పెట్టి ఊపాను. స్టాండు ఉలకలేదు, పలకలేదు. ఆ సాయంత్రం మూడు పందాలు గెలిచాను.

పది రోజుల తర్వాత తలనొప్పిగా ఉందని మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. తలుపు తీస్తుంటే లోపల నా గేము చప్పుడు. నా తలనొప్పి ఎగిరిపోయి కోపం వచ్చి కూర్చుంది. ఎవరు? నా స్టీరింగు ముట్టుకున్నదెవరు?

అత్తయ్య. కొంగు దోపుకుని, నడుం నిటారుగా పెట్టి, కళ్ళు టీవీకి అంటించి నడుపుతోంది. పక్కన స్టూలు మీద మామయ్య, ప్రయాణికుడిలా బుద్ధిగా కూర్చుని ఉన్నారు. పందెంలో మిగతా కార్లన్నీ ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఈవిడ మాత్రం ఖాళీ రోడ్డు మీద ఒక పక్కగా, మర్యాదగా వెళుతోంది.

"వెనక ఏమైనా వస్తున్నాయేమో చూసుకో" అంటున్నారు మామయ్య.

"వస్తే పోనివ్వండి వాళ్ళని. మనకేం తొందర" అంటోంది ఆవిడ.

నన్ను చూసి ఇద్దరూ దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు లేచారు. టీవీలో గేము ఫలితాల పట్టికలో ఎప్పుడూ పైన ఉండే నా పేరు అలాగే ఉంది గానీ, దాని కింద ఆఖరి స్థానాలు వరసగా పదిహేడు ఉన్నాయి. తిట్టడానికి నోరు తెరిచాను.

"కోప్పడకమ్మా" అంది అత్తయ్య. "పరీక్ష వచ్చే బుధవారం కాక ఆపై బుధవారం. వద్దనుకున్నాను. కానీ ఈ స్టాండు ముందు కూర్చుంటే నా చోట్లో నేను కూర్చున్నట్టు ఉంది. నిజం బండిలో అయితే ఎవరికి తగిలిస్తానో అని ప్రాణం పోతుంది. ఇందులో ఎవరికీ దెబ్బ తగలదు కదా."

తెరిచిన నోరు మూసుకోవాల్సి వచ్చింది. నాకు అది అలవాటు లేని పని.

"కూర్చోండి. నేను చూస్తాను" అన్నాను.

కూర్చుంది. బాగానే నడుపుతోంది. పాదాలు పెడళ్ళ మీద ఒకటి ముందూ ఒకటి వెనకా పెట్టుకుంది, మిషను తొక్కేటప్పటిలాగే. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. కాస్త దూరం పోనిచ్చి, చెవి దగ్గర గట్టిగా "ఆపండి!" అని అరిచాను.

ఆవిడ కుడి చెయ్యి స్టీరింగు వదిలి పైకి లేచింది. అరచెయ్యి చాపి స్టీరింగు కుడి అంచును పక్కనుంచి గట్టిగా అదిమింది. పాదాలు రెండూ ఒక్కసారి కదలడం మానేశాయి, ఎక్కడివక్కడే. బ్రేకు తొక్కలేదు. కారు వెళ్ళి గోడకు కొట్టుకుంది. స్టీరింగు ఆవిడ చేతిలో గడగడ అదిరింది.

"చూశావా. భయం" అంది ఆవిడ తల దించుకుని.

ఆ చెయ్యి. ఆ అరచెయ్యిని నేను ఎక్కడో చూశాను. "మళ్ళీ" అన్నాను. మళ్ళీ అరిచాను. మళ్ళీ అదే అరచెయ్యి, అదే చోటు. మూడోసారీ అంతే. అప్పుడు ఆవిడను రెక్క పట్టుకుని పక్క గదిలోకి లాక్కుపోయి, కరెంటు మిషను ముందు కూర్చోబెట్టాను. చేతికందిన గుడ్డముక్క పెట్టి "కుట్టండి" అన్నాను.

"ఈ పిల్లకేమైందో ఏమో" అంటూనే కుట్టడం మొదలుపెట్టింది. సూది పరుగందుకున్నాక "ఆపండి!" అని అరిచాను.

కుడి అరచెయ్యి వెళ్ళి మిషను పక్కనుండే చిన్న చక్రాన్ని అదిమింది. పాదం తొక్కడం మానేసింది. సూది ఠక్కున ఆగింది. గుడ్డ మీద ఒక్క కుట్టు కూడా ఎక్కువ పడలేదు.

మామయ్య గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. మా ముగ్గురికీ ఒకేసారి అర్థమైంది. నేనే అన్నాను.

"అత్తయ్యా, మీరు భయపడటం లేదు. ఆపుతున్నారు. ఇరవై ఆరేళ్ళూ ఎలా ఆపారో అలాగే ఆపుతున్నారు. కారుకు అక్కడ చక్రం లేదు, అంతే."

ఆవిడ తన అరచేతిని తిప్పి చూసుకుంది. బొటనవేలి కింద కాయ కాసి గట్టిపడిన చోటును ఇంకో చేత్తో రుద్దుకుంది.

"అంటే నేను పిరికిదాన్ని కాదా?" అంది.

అంత చిన్న గొంతుతో ఆవిడ మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆ నేర్పినాయన మీద ఒళ్ళు మండిపోయింది కూడా. మూడు నెలలు పక్కన కూర్చుని ఆవిడ కాళ్ళు చూశాడే గానీ, చెయ్యి ఒక్కసారి చూళ్ళేదు. ఆ మాటకొస్తే మేమూ చూళ్ళేదు.

మందు ఆవిడే కనిపెట్టింది. మిగిలిపోయిన నీలం యూనిఫారం గుడ్డతో, లోపల ఎలాస్టిక్ పెట్టి, నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ కుట్టింది. కుడి చెయ్యి లేవకుండా మణికట్టును స్టీరింగుకు కలిపి పట్టే పట్టీ. ఇంట్లో ఆటకు మాత్రమే. చెయ్యి లేవబోతే పట్టీ వెనక్కి లాగుతుంది, అప్పుడు పాదం పని చెయ్యక తప్పదు. మొదటి రోజు పాదానికి ఆ సంగతి తెలియనే తెలియదు. కారు ఇరవై సార్లు గోడకు కొట్టుకుంది. మూడో రోజు చెయ్యి లేవబోయి ఆగింది, పాదం ఆలస్యంగా దిగింది. ఐదో రోజు కారు గోడకు జానెడు దూరంలో ఆగింది.

డాష్‌బోర్డు కొట్టే అధికారి పాత్ర మామయ్యది. స్టూలు మీద కుడి చేత్తో ఫట్‌మని కొట్టడం. ఆ ఉద్యోగం ఆయనకు తెగ నచ్చేసింది. టీ తాగుతూ బల్ల మీద కొట్టేవారు, పేపరు చదువుతూ గోడ మీద కొట్టేవారు. అత్తయ్య ఎక్కడుంటే అక్కడ ఆవిడ కుడి పాదం నేలను తొక్కేది. ఓసారి కూర గిన్నె చేత్తో పట్టుకుని ఉండగా కొట్టారు. గిన్నె కదల్లేదు, పాదం దిగింది.

"గిన్నె పడుంటే మీ పని చెప్పేదాన్ని" అంది.

"పడలేదుగా. పాసు" అన్నారాయన.

ఆ రెండు వారాలూ నేను గేము ఆడలేదు. ఆఫీసులో ఎంతమంది తిట్టినా, ఇంటికొచ్చి గోడకు ఎన్ని అంగుళాల దూరంలో ఆగిందో కనుక్కుంటే సరిపోయేది. మా ఆయన మాత్రం, "నీ స్టీరింగు పోయింది, నా టీవీ పోయింది, అమ్మ గెలవకపోతే ఇద్దరం నష్టపోయినట్టే" అని గొణిగేవాడు. అలా గొణుగుతూనే పెడళ్ళ కింద వదులైన తీగను మళ్ళీ బిగించాడు.

బుధవారం నేను సెలవు పెట్టాను. పరీక్ష మైదానం పక్కన రేకుల షెడ్డు కింద బెంచీ మీద నేనూ మామయ్యా కూర్చున్నాం. అత్తయ్య కారెక్కబోతూ నీలం పట్టీని మణికట్టుకు తొడుక్కుంది. స్టీరింగుకు కట్టలేదు, ఊరికే చేతికి.

"ఇదేమిటి?" అన్నాడు అధికారి.

"గుర్తుకండీ" అంది.

కారు కదిలింది. ఒక చుట్టు తిరిగింది. వంపు దాటింది. మాకు కారు వెనక భాగమే కనిపిస్తోంది. టైర్ల వరస దగ్గరపడుతోంది. మామయ్య ఊపిరి బిగపట్టారని నాకు తెలుస్తోంది, ఎందుకంటే నేనూ బిగపట్టాను. ఆయన కుడి చెయ్యి బెంచీ మీద కొట్టడానికి లేచి గాలిలోనే ఆగింది.

కారు వెనక రెండు ఎర్ర దీపాలూ ఒక్కసారి వెలిగాయి. కారు ఆగింది. టైర్ల వరసకు ఇంకా చాలా దూరం ఉంది.

"ఆపింది" అన్నారు మామయ్య. "ఆపిందే!" అని ఆ లేచిన చేత్తో కళ్ళు తుడుచుకున్నారు. నేను బెంచీ ఎక్కి అరిచాను. వరసలో నిలబడ్డవాళ్ళు తిరిగి చూశారు. చూస్తే చూడనీ.

కాగితం మీద ముద్ర పడింది. అత్తయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుని, "నేను నడుపుతాను. ముందు ఇంటికి" అంది. నేను వెనక కూర్చున్నాను. మామయ్యను ముందు కూర్చోబెట్టి, ఆయన ఒంటి చేత్తో పెట్టుకోలేని బెల్టును ఆవిడే పెట్టింది.

ఇంటి గుమ్మం ముందు కారు ఆపింది. మేం దిగబోతుంటే, "దిగకండి" అంది. కారులోని గడియారం చూసుకుంది. మళ్ళీ బండి కదిలించింది.

"ఎక్కడికే?" అన్నారు మామయ్య.

"ఆస్పత్రికి."

"నాకేమైంది? బాగానే ఉన్నాగా!"

"బాగానే ఉన్నారు. ఊరుకోండి."

మందుల దుకాణం దగ్గర మలుపు తిరిగింది. బడి ముందు నెమ్మది చేసింది. ఎర్ర దీపం దగ్గర ఆగి, పచ్చ దీపం వచ్చేదాకా గడియారం వైపే చూసింది. ఆస్పత్రి అత్యవసర ద్వారం ముందు, గీతల మధ్య సరిగ్గా ఆపి, చేతి బ్రేకు లాగింది.

"పదకొండు నిమిషాలు" అంది.

ఎవరితో అనలేదు. ముందున్న తలుపుతో అంది. ఆ రోజు నలభై నిమిషాలు రోడ్డు మీద నిలబడిన మనిషి, ఎనిమిది నెలల నుంచి ఈ లెక్క చూసుకోవడానికే బతికిందని నాకు అప్పుడు తెలిసింది.

మామయ్య తన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి, తీసుకొచ్చి ఆవిడ ఒడిలో పెట్టారు.

"ఇది నీ వల్ల పోలేదే. నిన్ను నేను ఒక్కనాడైనా అన్నానా?" అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆయన గొంతు సవరించుకున్నారు. "సరే. పదకొండు నిమిషాలేగా. ఇక ధైర్యంగా ఎప్పుడు కావాలంటే అప్పుడు పడిపోవచ్చన్నమాట."

"ఛీ! నోరు మూసుకోండి!"

అంటూ ఆవిడ కుడి అరచెయ్యి లేచింది. ఇరవై ఆరేళ్ళ అలవాటుగా వెళ్ళి స్టీరింగు మీద పడింది. హారను పెద్దగా మోగింది. కాపలాదారు ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చి, "రోగి ఎక్కడమ్మా, ఎవరికేమైంది?" అని కిటికీలోకి తొంగి చూశాడు.

అత్తయ్య నవ్వుతోంది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఒడిలోని ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని ఉంది.

"ఎవరికీ ఏం కాలేదు బాబూ" అంది. "దారి చూసుకుందామని వచ్చాం."